నా కళ్లజోడు మీకు పనికిరాదు: రెండు జతల ప్రోగ్రెసివ్ అద్దాలు, రెండు దుకాణాలు

గత నాలుగు నెలల్లో నేను ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరం, మధ్య, దగ్గర మూడూ గీత లేకుండా ఒకే అద్దంలో చూపేవి, రెండు జతలు కొన్నాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. పవర్‌లో తేడా పావు పాయింటు, ఫ్రేము అయితే సాక్షాత్తూ అదే. మొదటి జతతో 22 రోజులు పడరాని పాట్లు పడ్డాను. రెండో జత ఈ మాటలు రాస్తున్నప్పుడు ముక్కు మీదే ఉంది, ఉన్న సంగతి కూడా గుర్తు రావడం లేదు. ఒకే సరుకు ఒకచోట ఎందుకు చెడిందో, మరోచోట ఎలా కుదిరిందో చెప్పడానికే ఈ సమీక్ష. దుకాణాల పేర్లు రాయడం లేదు. మొదటిదాని పేరు రాస్తే కసి తీర్చుకున్నట్టు ఉంటుంది, రెండోదాని పేరు రాస్తే ప్రకటనలా ఉంటుంది. రెండూ విజయవాడలోనే, ఒకదానికొకటి నడిచివెళ్లేంత దూరంలో ఉన్నాయి.

నాకు 54 ఏళ్లు, వృత్తి ప్రూఫులు దిద్దడం. కాగితం మీది ప్రూఫు కంటికి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, కంప్యూటరు తెర 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, పని పురమాయించే మనిషి గది అవతలి చివర కూర్చుంటాడు. ఈ మూడు దూరాల్లోనూ నాకు చూపు ఆనాలి. దగ్గరి వస్తువు ఆనకపోవడాన్ని మన పెద్దలు చత్వారం అన్నారు. నలభైని చెప్పే సంస్కృత పదం నుంచి వచ్చిన మాట అది. ఏ వయసుకు వస్తుందో పేరులోనే చెప్పేసిన ఇబ్బంది ఇంకొకటి నాకు తెలిసి లేదు. కంటిలోని కటకం చిన్నతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూడాల్సి వచ్చినప్పుడు ఉబ్బి, దూరం చూడాల్సి వచ్చినప్పుడు సర్దుకుంటుంది. వయసుతో పాటు అది బిగుసుకుపోతుంది. అప్పుడు మనిషి పేపరును చేతులు చాచి పట్టుకోవడం మొదలుపెడతాడు, కొన్నాళ్లకు ఆ చేతుల పొడవు కూడా చాలదు.

మా తాతయ్యకు ఒక కళ్లజోడు ఉండేది. ఎడమ కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి చుట్టుకునేవారు. ఎవరింటికైనా ఉత్తరం వస్తే ఆ కళ్లజోడు మా వీధిలో నాలుగిళ్లు తిరిగి వచ్చేది. పక్కింటి మామ్మగారు సూదిలో దారం ఎక్కించుకోవడానికి నన్ను పంపి మరీ తెప్పించుకునేవారు. దూరపు చూపులో లోపం లేనివాళ్లకు చత్వారం ఒకే ఈడులో ఇంచుమించు ఒకే మోతాదులో వస్తుంది గనుక, ఒకరి అద్దం ఇంకొకరికి పనికొచ్చేది. ఇప్పుడు నా ముక్కు మీద ఉన్నదాన్ని మా ఇంట్లో ఎవరైనా పెట్టుకుంటే రెండడుగులు వేయలేరు. దాన్ని నా రెండు కనుపాపల మధ్య దూరానికి, నా ముక్కు ఎత్తుకు, నేను తల నిలుపుకునే తీరుకు సరిపోయేలా బిగించారు.

సరుకు గురించి కొంత చెప్పాలి. దూరానికి పైన ఒక గాజుముక్క, దగ్గరికి కింద ఒక గాజుముక్క చేర్చిన బైఫోకల్ అద్దాలు 18వ శతాబ్దం నుంచీ ఉన్నాయి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అలాంటి జోడును పెట్టుకుని దాన్ని గురించి ఉత్తరాల్లో రాసుకున్నాడు. వాటిలో మధ్య దూరానికి చోటు లేదు, అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఆ గీత లేకుండా పై నుంచి కిందికి పవర్ నెమ్మదిగా పెరిగే అద్దాన్ని ఫ్రాన్సులో బెర్నార్ మెత్నాజ్ అనే యువ ఇంజనీరు రూపొందించగా, అది 1959లో వారిలక్స్ పేరుతో బజారులోకి వచ్చింది. పై భాగంలోంచి వీధి, మధ్యలోంచి కంప్యూటరు, కింది భాగంలోంచి పుస్తకం కనిపిస్తాయి. ఇంతవరకు దుకాణంవాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది, చెప్పినా గొంతు తగ్గించి చెప్పేది పక్కల సంగతి. అద్దం మధ్యలో నిలువుగా ఒక సన్నని దారి మాత్రమే స్పష్టంగా ఉంటుంది, దానికి రెండు వైపులా మసక ఉండి తీరుతుంది. 1963లో మింక్విట్జ్ అనే జర్మన్ గణితజ్ఞుడు దీనికి లెక్క కట్టాడు. ఆ దారి వెంట కిందికి పవర్ ఎంత జోరుగా పెరుగుతుందో, దారి నుంచి పక్కకు జరిగేకొద్దీ మసక అంతకు రెట్టింపు జోరుగా పెరుగుతుందని తేల్చాడు. ఎంత డబ్బు పెట్టినా ఆ మసకను అటో ఇటో నెట్టగలరే గాని తీసివేయలేరు. అందువల్ల ఆ సన్నని దారి మీ కనుపాపకు సరిగ్గా ఎదురుగా రావడమే అసలు విషయం, రెండు మూడు మిల్లీమీటర్లు తప్పితే చాలు, మొత్తం చెడుతుంది.

నాకు అదే జరిగింది.

మొదటి దుకాణం పెద్దది, చల్లగా ఉంది, కూర్చోగానే మంచినీళ్లు ఇచ్చారు. గడ్డం ఆనించి లోపలికి చూడమనే యంత్రం దగ్గర కూర్చోబెట్టారు. అందులో పొడవాటి రోడ్డు చివర ఒక రంగుల బెలూన్ కనిపించి, మసకబారి, మళ్లీ తేటపడింది. యంత్రం ఒక చీటీ ఇచ్చింది. ఆ చీటీలోని అంకెలతోనే రెండు అద్దాలు పెట్టి గోడ మీది తెలుగు అక్షరాలు చదవమన్నారు. ప్రూఫులు దిద్దేవాడికి ఆ పరీక్ష పెట్టడంలో ఒక చిక్కు ఉంది. ప, ఫ, ష, ఘ మసగ్గా కనిపించినా నేను ఊహించి చదివేయగలను, ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే. ఆఖరి వరస వరకూ గబగబా చదివేసి, పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్లవాడిలా సంతోషించాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. తరువాత కౌంటరు దగ్గర ఒక కుర్రాడు నేను ఎంచుకున్న ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, తాను నిలబడే ఉండి, కూర్చున్న నన్ను తన వైపు చూడమని, ఫ్రేములోని డమ్మీ అద్దం మీద మార్కరుతో రెండు చుక్కలు పెట్టాడు. కనుపాపల మధ్య దూరం 64 మిల్లీమీటర్లు అని రాసుకున్నాడు. ఫ్రేముకు 2,400, అద్దాలకు 11,800 తీసుకున్నారు.

వారం తరువాత కొత్త అద్దాలు పెట్టుకుని వీధిలోకి వచ్చేసరికి రోడ్డు ఊయలలా కదిలింది. బస్సు మీది ఊరి పేరు చదవాలంటే తల వంచి కనుబొమ్మల కింది నుంచి చూడాల్సి వస్తోంది. తల నిటారుగా పెడితే దూరం మసక, వంచితే నేల తేలిపోతోంది. ఆ ఆదివారం ఇంద్రకీలాద్రికి వెళ్లి దిగేటప్పుడు ఒక మెట్టు ఉందనుకుని లేని చోట కాలు వేశాను. పక్కనున్న పెద్దాయన మోచేయి పట్టుకోకపోతే ఈ సమీక్ష వేరేలా ఉండేది, లేదా ఉండేదే కాదు.

దుకాణానికి వెళ్లి చెప్పాను. "కొత్తలో అందరికీ ఇలాగే ఉంటుంది సార్, అలవాటైపోతుంది" అన్నారు. ఇందులో నిజం లేకపోలేదు, కొత్త ప్రోగ్రెసివ్‌కు మెదడు సర్దుకోవడానికి కొద్ది రోజుల నుంచి రెండు వారాల వరకు పట్టడం మామూలే. రెండు వారాలు ఆగి మళ్లీ వెళ్లాను. ఈసారి ఆ కుర్రాడు నా కళ్లజోడు తీసుకుని, తుడిచి, తన కళ్లకు పెట్టుకుని, తలుపు బయటికి ఒకసారి, చేతిలోని ఫోనులోకి ఒకసారి చూసి, చాలా మర్యాదగా, "నాకు బాగానే కనిపిస్తోంది సార్" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతనికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, ఆ వయసులో కంటి కటకం చాలా తేడాలను సర్దుకుని చూపిస్తుంది. అతను మోసగాడు కాడు, తన కళ్లతో చూసి నిజమే చెప్పాడు. ఆ నిజం నాకు ఎందుకూ కొరగాలేదు, అంతే. డబ్బు వెనక్కి రాదని, కావాలంటే బైఫోకల్‌కు మార్చి ఇస్తామని యజమాని చెప్పాడు.

ఇంట్లో పరిస్థితి అంతకంటే మెరుగ్గా లేదు. మా ఆవిడ ఆరేళ్లుగా బైఫోకల్ పెట్టుకుంటోంది. పడవలో నడుస్తున్నట్టు ఉందని నేనంటే, "నాకు అలా లేదే, మీరే ప్రతిదానికీ కంగారు పడతారు" అంది. తల వంచుకుని తిరుగుతుంటే, "ఏమండీ, పెళ్లయిన ముప్పై ఏళ్లకు మీకు సిగ్గొచ్చిందా" అంది. రెండో వారంలో మాటా మాటా పెరిగింది. ఆమెకు నా కళ్లలో ఏం కనిపిస్తోందో చూపించడానికి నా దగ్గర సాధనం ఏదీ లేదు, మాట తప్ప. ఆ మాట ఎంత వాడినా ఫిర్యాదులాగే వినిపిస్తోంది.

ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు కూడా నాకు లేదని నాకు తెలుసు, ఎందుకంటే అదే మాట నేను మా అమ్మతో అన్నాను. రెండేళ్ల క్రితం, 81వ ఏట, అమ్మకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి రెండు నెలలు ఆగుదామన్నారు. కట్టు విప్పిన మూడో రోజున అమ్మ మంచం మీద కూర్చుని ఒక కన్ను అరచేత్తో మూసుకుని గోడ చూసేది, చేయి మార్చి రెండో కంటితో చూసేది. "ఒరే, ఈ కంటికి గోడ తెల్లగా ఉంది, కాస్త నీలి పెట్టిన పంచెలా ఉంది. ఈ కంటికి పాత కాగితం రంగులో ఉంది. ఇంతకీ మన గోడ ఏ రంగు?" అని అడిగింది. నేను ప్రూఫుల్లోంచి తల ఎత్తకుండా, "గోడ తెల్లగానే ఉందమ్మా" అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. తరువాత తెలుసుకున్నాను. వయసుతో కంటి కటకం పసుపు తిరిగి నీలి వెలుగును అడ్డుకుంటుంది. ఆ మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది గనుక మనకు తెలియదు. పాత కటకం తీసి పారదర్శకమైన కృత్రిమ కటకం పెట్టగానే ఆ నీలి ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఆ రెండు నెలలూ అమ్మ ముఖంలో ఇద్దరు మనుషుల చూపులు పక్కపక్కన ఉన్నాయి, వాటిని ఆమె ఓపిగ్గా పోల్చి చూసుకుంది. నేను కాసేపు పక్కన కూర్చుని ఇంకా ఏమేమి మారాయో అడిగి ఉంటే బాగుండేది.

అణుసిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ కథ ఇక్కడ చెప్పక తప్పదు, ఆ దుకాణం కుర్రాడు నా కళ్లజోడు పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే. 1792లో డాల్టన్ ఒక జెరేనియం పువ్వును పగటి వెలుగులో చూస్తే ఆకాశనీలంగా, కొవ్వొత్తి వెలుగులో చూస్తే ఎర్రగా కనిపించింది. మిగతావాళ్లందరికీ అది రెండు వెలుగుల్లోనూ ఒకే తరహా రంగు. స్నేహితులను పిలిచి అడిగాడు, ఎవరూ తనతో ఏకీభవించలేదు. ఒక్క సొంత తమ్ముడో అన్నో మాత్రం, అంటే తన తోడబుట్టినవాడు, అచ్చం తనలాగే చూస్తున్నట్టు తేలింది. అక్కడితో అలిగి కూర్చోకుండా ఆయన ప్రతి రంగునూ ఎవరికి ఎలా కనిపిస్తోందో అడిగి రాసుకుని, 1794లో మాంచెస్టరులోని విద్వత్సభలో చదివాడు. వర్ణాంధత్వం గురించి శాస్త్రీయంగా సాగిన తొలి చర్చల్లో అదొకటి. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎరుపును మింగేస్తోందని ఆయన నమ్మకం. తాను పోయాక కళ్లు తీసి పరీక్షించమని చెప్పి పెట్టాడు.

ఆయన 1844లో పోయారు. రాన్సమ్ అనే వైద్యుడు ఒక కంటిలోని ద్రవాన్ని చిన్న గాజు పాత్రలోకి తీసి చూస్తే అది స్వచ్ఛంగా ఉంది. రెండో కంటిని దాదాపు అలాగే ఉంచి, వెనుక భాగం కొద్దిగా కోసి, ఆ కంటిలోంచి ఎర్రటి వస్తువులను, ఆకుపచ్చటి వస్తువులను చూశాడు. ఆ వైద్యుడికి ఆ రంగులు ఏ మార్పూ లేకుండా మామూలుగానే కనిపించాయి. ఒక మనిషి మరో మనిషి కంటిలోంచి అక్షరాలా లోకాన్ని చూసిన సందర్భం నేను విన్నంతలో ఇదొక్కటే. అప్పుడు కూడా ఆ వైద్యుడికి కనిపించింది తన లోకమే. లోపం ద్రవంలో లేదని, ఇంకా వెనుక ఎక్కడో ఉందని మాత్రం దానివల్ల రూఢి అయింది. దాచి ఉంచిన ఆ కంటి అవశేషాల నుంచి 1995లో డీఎన్ఏ తీసి చూసినప్పుడు, ఆకుపచ్చ వెలుగును ముఖ్యంగా పట్టుకునే వర్ణకం డాల్టన్ కంటిలో లేదని తేలింది. ఆయన రాసి పెట్టిన పోలికలు 200 ఏళ్ల తరువాత కూడా ఆ ఫలితంతో సరిపోయాయి. కంటిని కోసి చూడడం ఒక అనుమానాన్ని తీర్చింది. ఆయనకు ఏం కనిపించేదో చెప్పింది మాత్రం ఆయన రాసుకున్న కాగితాలే.

రెండో దుకాణం మేడ మీద ఉంది, మెట్లు ఇరుకు, ముగ్గురికి మించి కూర్చునే చోటు లేదు. నాకిచ్చిన సమయానికి గంటంబావు ఆలస్యంగా పిలిచారు. లోపల చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. ముందుగా నా పాత అద్దాలు తీసుకుని దీపానికి అడ్డంగా పట్టి, ఏటవాలుగా తిప్పుతూ ఏదో వెతికింది. ప్రోగ్రెసివ్ అద్దం మీద కంటికి కనిపించీ కనిపించని రెండు చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి, వాటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. అవి దొరికితే స్పష్టమైన దారి ఎక్కడ మొదలవుతుందో కంపెనీ ఇచ్చే అట్ట సాయంతో కనిపెట్టవచ్చు. వాటి మీద మార్కరుతో చుక్కలు పెట్టి, కళ్లజోడు నా ముక్కు మీద పెట్టి చూసి, "సార్, వీళ్లు మీకు అమర్చింది మూడు మిల్లీమీటర్లు పైకి ఉంది. కొలత తీసినప్పుడు ఆయన నిలబడి ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నాడని చెప్పాను. నిలబడినవాడి ముఖంలోకి చూడాలంటే కూర్చున్నవాడు కళ్లు పైకెత్తాలి, కళ్లు పైకెత్తితే కనుపాప ఉండాల్సిన చోటికంటే పైన ఉంటుంది, చుక్క అక్కడ పడుతుంది. 22 రోజుల నా తలవంపులకు కారణం ఆ కుర్రాడు కూర్చోకపోవడం. ఆ అమ్మాయి తన స్టూలు ఎత్తు తగ్గించుకుని, తన కళ్లూ నా కళ్లూ ఒకే మట్టానికి వచ్చేవరకు సర్దుకుని, చేతికి అందేంత దూరంలో ఎదురుగా కూర్చుంది. తన కుడి కన్ను మూసుకుని, "నా తెరిచి ఉన్న కంటిలోకి చూడండి" అని ఒక చుక్క పెట్టింది, తరువాత ఎడమ కన్ను మూసుకుని మరో చుక్క పెట్టింది. ముక్కు మధ్య నుంచి నా కుడి కనుపాప 31 మిల్లీమీటర్లు, ఎడమది 33. మొత్తం అదే 64, కాని మొదటి దుకాణంలో దాన్ని సగం చేసి 32, 32 అని రాసేశారు. నా ముఖం రెండు వైపులా సమానంగా లేదన్న సంగతి 54 ఏళ్లకు తెలిసింది. మా ఆవిడకు ఎప్పటినుంచో తెలుసట.

కొలతకంటే ముందు జరిగిన పరీక్ష గురించి చెప్పాలి, నా దృష్టిలో ఈ దుకాణంలో నేను ఇచ్చిన 16,500 రూపాయల్లో ఎక్కువ భాగం దానికే చెల్లింది. యంత్రం చీటీ ఇక్కడా తీశారు, కాని దాన్ని ఆరంభంగా మాత్రమే తీసుకున్నారు. బరువైన ట్రయల్ ఫ్రేము పెట్టి, పిడి ఉన్న చిన్న అద్దాన్ని దాని ముందు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఇది బాగుందా సార్, ఇది బాగుందా?" నలభై నిమిషాల్లో ఆ ప్రశ్న అరవైసార్లకు తక్కువ కాకుండా విన్నాను. నేను అలవాటు చొప్పున అక్షరాలు ఊహించి చదవడం మొదలుపెట్టగానే ఆపి, "మీరు చదవగలరని తెలుసు సార్. ఏ అక్షరమో వద్దు, అంచులు ఎలా ఉన్నాయో చెప్పండి. ఇందులో తప్పు జవాబు లేదు" అంది. ఆ మాటతో భుజాలు కిందికి దిగాయి. అంచులు వెలిసినట్టున్నాయని, సిరా ఎక్కువైనట్టున్నాయని, అచ్చు కదిలినట్టున్నాయని నా వృత్తి భాషలోనే చెప్పాను. ఆమె అందులోంచి తనకు కావలసింది తీసుకుంది. ఇంత సామగ్రి ఉన్నా, నా కంటికి ఏం కనిపిస్తోందో తెలుసుకోవడానికి ఆ శాస్త్రం దగ్గర చివరికి అడగడం, విన్నదాన్ని నమ్మడం మాత్రమే ఉన్నాయి. మొదటి చోట నాకు అమ్మింది అద్దం ఒక్కటే.

సరే, సరుకు ఎలా ఉందంటే, ఐదుకు నాలుగు ఇస్తాను. ప్రూఫు, తెర, మనిషి మూడూ తలను కొద్దిగా ఎత్తి దించడంతోనే ఆనుతున్నాయి. రోజుకు పదిసార్లు కళ్లజోడు మార్చే అవస్థ పోయింది. మొదటి ఐదారు రోజులు నేల కొద్దిగా కదిలింది, ఆ తరువాత ఆగింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం గడ్డం వంచి చూడాలి, లేకపోతే చదువు భాగంలోంచి మెట్టును చూస్తాం. పక్కకు చూడాలంటే కళ్లు తిప్పితే చాలదు, ముక్కు కూడా తిప్పాలి. స్కూటరు అద్దంలోకి ఓరగా చూసే అలవాటున్నవాళ్లు కొన్ని రోజులు బండి తీయకపోవడం మంచిది. పక్కకు పడుకుని టీవీ చూడడం కుదరదు. చెప్పిన తేదీకంటే నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చారు, అక్కర్లేని ఒక పూత అంటగట్టడానికి రెండుసార్లు ప్రయత్నించారు. ఆ తగ్గించిన ఒక మార్కు వీటన్నింటికీ కలిపి.

అందరికీ ఇవి అవసరమని చెప్పను. మా అక్క ఖమ్మంలో ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా కంటి పరీక్షలు చేయించిన కంటి వెలుగు పథకం రెండో విడతను 2023 జనవరిలో ఆ ఊళ్లోనే ప్రారంభించారు. శిబిరంలో ఉచితంగా ఇచ్చిన చదువు అద్దాలతో ఆమె హాయిగా ఉంది. దూరపు చూపు బాగుంది, చదివేది పేపరు, పంచాంగం. ఆమెకు 16,500 రూపాయల అద్దం దండగ. నా మాట విని కొనవద్దనీ, ఆమె మాట విని మానవద్దనీ అంటాను.

కొనేవాళ్లు ఒక్కటి గమనించండి. కొలత తీసే మనిషి మీ ఎదురుగా మీ ఎత్తున కూర్చోకపోతే లేచి వచ్చేయండి.

ఈ లోగా మా ఆవిడ చీరకు ఫాల్, జాకెట్టు ముక్క కొనడానికి బీసెంట్ రోడ్డుకు నన్ను తోడు తీసుకెళ్లింది. ఆమె నెమలికంఠం అంటున్న రంగు నాకు ముదురు ఆకుపచ్చ. ఇదివరకైతే అక్కడే ఒక వాదన అయ్యేది. దుకాణదారు మమ్మల్నిద్దరినీ ఒకసారి చూసి, రెండు గుడ్డలూ తీసుకుని, "ట్యూబులైటు కింద తేలదమ్మా, ఎండలోకి రండి" అని గడప దాటాడు. ముగ్గురం రోడ్డు మీద నిలబడి చూశాం. గుడ్డలు రెండూ ఒకదానికొకటి సరిపోలేదన్నది ముగ్గురికీ తెలిసింది. అది నెమలికంఠమా, ఆకుపచ్చా అన్నది తేలలేదు, ఎవరూ తేల్చమని అడగలేదు కూడా. నాలుగో ముక్కకు సరిపోయింది.

అక్కడి నుంచి వస్తూ ఆమెను ఆ మేడ మీది దుకాణానికి తీసుకెళ్లాను, ఆమె అద్దాలు మార్చి ఆరేళ్లయింది. నేను మూలన కూర్చున్నాను. "ఇది బాగుందా మేడమ్, ఇది బాగుందా?" మొదలైంది. మొదట్లో ఆమె జవాబులు టకటకా వచ్చాయి, తరువాత నెమ్మదించాయి, తరువాత ప్రతి ప్రశ్నకూ ఊపిరి బిగబట్టింది. చివరికి, పాఠం అప్పజెప్పలేని పిల్లలా నా వైపు ఒకసారి చూసి, "తేడా తెలియడం లేదమ్మాయ్, రెండూ ఒకలాగే ఉన్నాయి" అంది.

"నాకు కావాల్సింది అదే మేడమ్" అని ఆ అమ్మాయి అంకె రాసుకుంది. ఆ అద్దాన్ని ఎటు తిప్పినా ఒకేలా కనిపించడమే పవర్ కుదిరిందనడానికి గుర్తట. నన్ను అడిగినప్పుడు ఆ జవాబు చెప్పడానికి సిగ్గుపడి, ఏదో ఒకటి బాగుందని నేను రెండుసార్లు అన్నట్టు గుర్తొచ్చింది, ఆమె ఓపిగ్గా మళ్లీ తిప్పి అడిగింది అందుకేనన్నమాట.

ఇంత చూశాక ప్రోగ్రెసివ్ తీసుకుంటుందనుకున్నాను. "వద్దండీ, నాకు గీతే బాగుంటుంది. అది ఎక్కడుందో నాకు తెలుస్తుంది. మీ అద్దంలో గీత ఎక్కడుందో ఎవరికీ తెలియదు" అంది. నాకు అలా లేదే అనబోయి ఊరుకుని, తెలిసే గీత అంటే ఎలా ఉంటుందని అడిగాను. ఆటో ఎక్కేదాకా చెబుతూనే ఉంది. బైఫోకల్‌కు 3,200 అయింది. శుక్రవారం ఇస్తామన్నారు, సోమవారం ఇచ్చారు.